డిఏ, ఫిషర్, లూయిస్, పివిజి: ఎలుకల్లో గ్రాఫ్ట్ తిరస్కరణ వెనుక ఉన్న జన్యువులు

మీరు అడిగిన దాంట్లో మూడు పరిశీలనలు ఉన్నాయి. వీటిలో డిఏ, ఫిషర్ 344, లూయిస్, పివిజి అనేవి ప్రయోగశాల ఎలుకల స్ట్రెయిన్లు, అంటే విడివిడిగా పెంచిన వంశాలు; గ్రాఫ్ట్ అంటే ఒక ఎలుక నుంచి తీసి మరో ఎలుకలో పెట్టిన అవయవం లేదా కణజాలం. డిఏ ఎలుక కిడ్నీని లూయిస్ ఎలుకలో పెడితే వారం, పది రోజుల్లో తిరస్కరణకు గురవుతుంది. ఫిషర్ 344 కిడ్నీని అదే లూయిస్‌లో పెడితే నెలల తరబడి పనిచేసి మెల్లమెల్లగా పాడవుతుంది, పైగా ఈ రెండు స్ట్రెయిన్ల ఎంహెచ్‌సీ (కణం సొంతదా పరాయిదా అని తెలిపే అణువుల జన్యువుల గుంపు) దాదాపు ఒకటే అని చదివారు. ఇక డిఏ కాలేయాన్ని పివిజి ఎలుకలో పెడితే ఎంహెచ్‌సీ పూర్తిగా వేరైనా, ఏ మందూ ఇవ్వకపోయినా నిలిచిపోతుంది. అంతా జన్యువులే నిర్ణయిస్తే ఈ మూడూ ఒకదానికొకటి ఎలా పొసగుతాయి అన్నది మీ సందేహం.

నిర్ణయించేవి జన్యువులే. అయితే గ్రహీత టి కణాలకు, అంటే పరాయివాటిని గుర్తుపట్టి దాడి చేసే తెల్లరక్తకణాలకు, దాత జన్యువులు కనబడవు. దాత కణం తన ఉపరితలం మీద ఎంహెచ్‌సీ అణువులో ఒక పెప్టైడ్‌ను (చిన్న ప్రోటీన్ ముక్కను) ఇరికించి చూపిస్తుంది, టి కణాలు చూసేది దాన్నే. కాబట్టి ఎంహెచ్‌సీ జన్యువు ఏది అన్న ప్రశ్నతో పాటు అందులోకి ఏ పెప్టైడ్ చేరింది, దాన్ని చూపిస్తున్న కణం ఏది, అది ఏ అవయవంలోంచి వచ్చింది అని కూడా అడగాలి. హాప్లోటైప్ (కలిసి వారసత్వంగా వచ్చే ఎంహెచ్‌సీ జన్యువుల సెట్టు, దానికి ఒక అక్షరం పేరు ఉంటుంది) పట్టికలో రెండు అక్షరాలు కలిశాయా లేదా అని మాత్రమే చూస్తే మీ మూడు ఉదాహరణల్లో మొదటిది ఒక్కటే అర్థమవుతుంది.

ముందు పునాది నియమాలు చెబుతాను, ఎందుకంటే వీటిలోనే చాలామంది తడబడతారు. అన్నాచెల్లెళ్ల జతలను కనీసం 20 తరాలు వరుసగా కలిపితే ఇన్‌బ్రెడ్ స్ట్రెయిన్ వస్తుంది. అప్పటికి జీనోమ్‌లో 98 శాతానికి పైగా స్థానాలు హోమోజైగస్ (రెండు ప్రతులూ ఒకటే) అయిపోతాయి. అందుకే ఒకే స్ట్రెయిన్‌లోని ఎలుకల మధ్య చర్మం మార్చినా గుండె మార్చినా నిలుస్తుంది. రెండు స్ట్రెయిన్లను కలిపితే వచ్చే ఎఫ్1 (మొదటి తరం) సంతానం ఇద్దరు తల్లిదండ్రుల గ్రాఫ్టులనూ స్వీకరిస్తుంది, ఎందుకంటే ఎఫ్1కు ఆ రెండు వైపుల యాంటిజెన్లూ (రోగనిరోధక వ్యవస్థ గుర్తుపట్టే అణువులు) సొంతవే. తల్లిదండ్రుల స్ట్రెయిన్ మాత్రం ఎఫ్1 గ్రాఫ్టును తిరస్కరిస్తుంది, అందులో సగం దానికి పరాయిది కాబట్టి. ఈ దిశ చాలా ముఖ్యం. 'ఏ జత' అని రాసి ఎటు నుంచి ఎటు అని రాయని ఫలితాన్ని నేను లెక్కలోకి తీసుకోను.

ఎఫ్1లను తమలో తాము కలిపితే వచ్చే ఎఫ్2కు వచ్చేసరికి లెక్క రసవత్తరంగా ఉంటుంది. తల్లిదండ్రుల్లో ఒక స్ట్రెయిన్ చర్మాన్ని ఎఫ్2 ఎలుకల మీద పెడితే, తేడా ఉన్న స్థానం ఒక్కటే అయితే 3/4 వంతు ఎలుకలు దాన్ని స్వీకరించాలి. తేడా ఉన్న స్థానాలు ఎన్ని ఉంటే ఆ 3/4ను అన్నిసార్లు గుణించాలి. పది స్థానాలు ఉంటే స్వీకరించేవి 5.6 శాతం, ఇరవై ఉంటే 0.3 శాతం. కణజాల పొందికను శాసించే జన్యువు ఒక్కటి కాదని, చాలా ఉన్నాయని లిటిల్, టైజర్ 1916లోనే చిట్టెలుకల్లో (మౌస్; ఈ వ్యాసంలో ఎలుక అంటే ర్యాట్) కణితుల మార్పిడి ద్వారా ఇలాంటి లెక్కతోనే చూపించారు. ఆ అనేక స్థానాల్లో ఒకటి మిగతా వాటికంటే చాలా బలమైనదని తర్వాత తేలింది. చిట్టెలుకలో అది హెచ్-2. 1936లో గోరర్ వర్ణించిన యాంటిజెన్ నుంచి మొదలై, స్నెల్ తయారు చేసిన కాంజెనిక్ (ఒక్క జన్యు ప్రాంతంలో తప్ప మిగతా అంతా ఒకటే అయిన) స్ట్రెయిన్లతో అది స్థిరపడింది. ఎలుకలో దానికి సమానమైనది ఆర్‌టీ1. పాత వ్యాసాల్లో దీన్నే ఏజీ-బి అనో హెచ్-1 అనో రాసేవారు. మీరు 1960ల, 70ల పేపర్లు తిరగేస్తే ఈ పొంతన పనికొస్తుంది: ఏజీ-బి1 అంటే ఇప్పటి ఎల్ హాప్లోటైప్ (లూయిస్), 2 అంటే యు (విస్టార్ ఫర్త్), 3 అంటే ఎన్ (బ్రౌన్ నార్వే), 4 అంటే ఎ (డిఏ, ఏసీఐ), 5 అంటే సి (పివిజి, ఆగస్ట్), 6 అంటే బి (బఫెలో).

ఆర్‌టీ1 ఎలుక 20వ క్రోమోజోమ్ మీద ఉంది. దానికి సమానమైన హెచ్‌ఎల్‌ఏ మనిషిలో 6వ క్రోమోజోమ్ మీద, చిట్టెలుకలో హెచ్-2 17వ క్రోమోజోమ్ మీద ఉంటాయి. పేర్లలో ఒక ఇబ్బంది ఉంది. పెద్ద అక్షరం ప్రాంతాన్ని, పైన రాసే చిన్న అక్షరం హాప్లోటైప్‌ను సూచిస్తాయి, అక్షరాలు మాత్రం రెండింటికీ అవే. అందుకని ప్రాంతాలను నేను ఆర్‌టీ1-ఎ, ఆర్‌టీ1-బి అని గీతతో రాస్తాను. ఆర్‌టీ1-ఎ ప్రాంతంలో క్లాసికల్ క్లాస్ 1 జన్యువులు (దాదాపు అన్ని కణాల మీదా కనిపించే ఎంహెచ్‌సీ అణువులవి) ఉంటాయి. హాప్లోటైప్‌ను బట్టి వాటి సంఖ్య కూడా మారుతుంది, ఒక్కటే ఉన్నవీ ఉన్నాయి, రెండు మూడు ఉన్నవీ ఉన్నాయి. దాని పక్కనే ఆర్‌టీ1-బి, ఆర్‌టీ1-డి అనే క్లాస్ 2 (ముఖ్యంగా రోగనిరోధక కణాల మీద ఉండే ఎంహెచ్‌సీ అణువుల) ప్రాంతాలు. మనిషితో పోలిస్తే బి అంటే డీక్యూ, డి అంటే డీఆర్. ఇంకా అవతల ఆర్‌టీ1-సి దగ్గర నాన్‌క్లాసికల్ క్లాస్ 1 జన్యువులు పెద్ద గుంపుగా ఉన్నాయి. బ్రౌన్ నార్వే ఎలుక జీనోమ్ 2004లో వెలువడింది, దాని ఆర్‌టీ1 క్రమం కూడా అదే ఏడాది వివరంగా వచ్చింది. ఈ మ్యాప్‌లో ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి: ఎలుకలో క్లాసికల్ క్లాస్ 1 జన్యువులు క్లాస్ 2 ప్రాంతాన్ని ఆనుకునే ఉన్నాయి. మనిషిలో అవి దూరంగా ఉంటాయి. దీని ప్రాముఖ్యం కాసేపట్లో తెలుస్తుంది.

ఇక మీ మొదటి ఉదాహరణ. డిఏ నుంచి లూయిస్‌కు అంటే క్లాస్ 1, క్లాస్ 2 రెండూ తేడా, వాటికి తోడు ఎంహెచ్‌సీ బయట ఉన్న మైనర్ యాంటిజెన్లూ (వీటి వివరం రెండో ఉదాహరణలో) తేడానే. మామూలు వైరస్ పెప్టైడ్‌ను గుర్తుపట్టే టి కణాలు లక్షల్లో ఏ కొన్నో ఉంటాయి. పరాయి ఎంహెచ్‌సీని గుర్తుపట్టేవి మాత్రం శాతాల్లో ఉంటాయి. ముందస్తు పరిచయం అక్కర్లేకుండానే ఇంత పెద్ద సైన్యం సిద్ధంగా ఉండడం వల్లే తిరస్కరణ అంత వేగంగా జరుగుతుంది. ఈ పని చేసేది చిన్న లింఫోసైట్లేనని (టి కణాలు వీటిలోవే) తేల్చింది కూడా ఎలుకల మీద చేసిన పరిశోధనే. ఆక్స్‌ఫర్డ్‌లో జేమ్స్ గోవన్స్ ఎలుక థొరాసిక్ డక్ట్ (లింఫ్‌ను రక్తంలోకి చేర్చే ప్రధాన నాళం) నుంచి లింఫోసైట్లను బయటికి తీసి, అవి రక్తానికీ లింఫ్‌కూ మధ్య తిరుగుతూనే ఉంటాయని చూపించారు. 1962లో ఆయన బృందం వాటితోనే రోగనిరోధక స్పందనలు మొదలవుతాయని నిరూపించింది. ఇందాక ఎఫ్1 ఎలుక తల్లిదండ్రుల చర్మాన్ని స్వీకరిస్తుందన్నాను కదా, అదే ఎఫ్1లోకి తల్లిదండ్రుల లింఫోసైట్లను ఎక్కిస్తే కథ తిరగబడుతుంది. ఎఫ్1 వాటిని పరాయివి అనుకోదు, కానీ అవి ఎఫ్1లోని రెండో సగాన్ని పరాయిదిగా చూసి దాడి చేస్తాయి. గ్రాఫ్ట్-వర్సస్-హోస్ట్ వ్యాధి అంటే ఇదే.

రెండో ఉదాహరణ దగ్గర మీ పుస్తకంలోని 'దాదాపు ఒకటే' అన్న మాటను జాగ్రత్తగా చదవాలి. లూయిస్ హాప్లోటైప్ ఎల్. ఫిషర్ 344 హాప్లోటైప్‌ను ఎల్‌వీ1 అని రాస్తారు, అంటే ఎల్‌కు ఒక వేరియంట్ అని. ఆర్‌టీ1-ఎ, బి, డి ప్రాంతాల్లో రెండూ కలుస్తాయి, ఆర్‌టీ1-సి వైపు తేడాలున్నాయి. వీటికి తోడు ఎంహెచ్‌సీ బయట వేర్వేరు క్రోమోజోమ్‌ల మీద చెల్లాచెదురుగా మైనర్ హిస్టోకంపాటిబిలిటీ యాంటిజెన్లు ఉంటాయి. ఇవి నిజానికి రోజువారీ పనులు చేసే మామూలు ప్రోటీన్లు. ఒక స్ట్రెయిన్‌లో ఒక అమైనో ఆమ్లం మారితే దాని ముక్క ఎంహెచ్‌సీలో కొత్త పెప్టైడ్‌గా కనిపిస్తుంది, అంతే. మగ కణాల్లో వై క్రోమోజోమ్ ప్రోటీన్ల నుంచి వచ్చే హెచ్-వై ఇలాంటిదే. మైటోకాండ్రియా నుంచి వచ్చే పెప్టైడ్ కూడా యాంటిజెన్ కాగలదని ఎలుకల్లో 1991లో చూపించారు. మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది కాబట్టి ఎఫ్1 తయారు చేసేటప్పుడు తల్లి ఏ స్ట్రెయిన్, తండ్రి ఏ స్ట్రెయిన్ అన్నది కూడా రాసిపెట్టుకోవాలి.

మైనర్ యాంటిజెన్ ఒక్కొక్కటీ బలహీనమే. కానీ అవి గుంపుగా ఉన్నప్పుడు, అందులోనూ నెలల తరబడి ఉన్నప్పుడు, ఫలితాన్ని మార్చేస్తాయి. ఫిషర్ కిడ్నీ లూయిస్‌లో మొదట ఓ మోస్తరు తిరస్కరణను ఎదుర్కొంటుంది. సాధారణంగా మొదటి పది రోజులు సైక్లోస్పోరిన్ (రోగనిరోధక స్పందనను అణిచే మందు) ఇచ్చి దాన్ని దాటిస్తారు. ఆ తర్వాత మూత్రంలో ప్రోటీన్ పోవడం, గ్లోమెరులస్‌లు (కిడ్నీలో రక్తాన్ని వడకట్టే సన్న నాళాల గుత్తులు) గట్టిపడడం, ధమనుల లోపలి పొర మందమవడం మొదలై నెలల్లో కిడ్నీ పాడవుతుంది. ఈ దీర్ఘకాలిక రూపాన్ని 1969లో వైట్, హిల్డెమన్, మల్లెన్ వర్ణించారు. దిశ తిప్పి లూయిస్ గుండెను ఫిషర్‌లో పెడితే కరొనరీ ధమనులు ఇదే తరహాలో మూసుకుపోతాయి. 1992 నుంచి దాన్ని కూడా ఒక మోడల్‌గా వాడుతున్నారు. మనుషుల్లో హెచ్‌ఎల్‌ఏ పూర్తిగా కలిసిన తోబుట్టువు కిడ్నీ ఇచ్చినా, కవలలు కాకపోతే మందులు వాడాల్సి రావడానికి ప్రధాన కారణం ఈ మైనర్ యాంటిజెన్లే. అవయవం అందుకున్న కుటుంబానికి 'అన్నీ కలిశాయి, ఇక భయం లేదు' అని చెప్పడం ఎంత తప్పో ఫిషర్, లూయిస్ జత స్పష్టంగా చూపిస్తుంది. ఈ మోడల్ మీద నాకున్న గౌరవం అందుకే.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం, పాఠ్యపుస్తకాలు ఒక్క వాక్యంలో దాటేసేది. పివిజి.ఆర్1 అనే కాంజెనిక్ రీకాంబినెంట్ (రెండు హాప్లోటైప్‌ల ముక్కలు అతుక్కున్న) స్ట్రెయిన్ ఉంది. దాని ఆర్‌టీ1-ఎ ప్రాంతం డిఏ తరహా ఎ హాప్లోటైప్ నుంచి వచ్చింది, మిగతా ఆర్‌టీ1 అంతా పివిజిలోని సి హాప్లోటైప్‌దే. అంటే డిఏ ఎలుకలోనూ పివిజి.ఆర్1లోనూ ఆ క్లాస్ 1 అణువు ఒకే జన్యువు నుంచి తయారవుతుంది, అమైనో ఆమ్లాల వరుస ఒకటే. అయినా టి కణాలు ఆ రెండింటికీ తేడా పట్టేశాయి. జన్యువు ఒకటే అయినప్పుడు యాంటిజెన్ ఎలా మారింది?

సమాధానం 1989కీ 1992కీ మధ్య జొనాథన్ హోవార్డ్, జెఫ్రీ బుచర్, సైమన్ పోవిస్ తదితరుల పనిలో బయటపడింది. దీన్ని సిమ్ ప్రభావం అంటారు, అంటే క్లాస్ 1లో వచ్చే మార్పు అని. దానికి కారణమైన జన్యువు ట్యాప్. ట్యాప్ అంటే కణద్రవంలో ముక్కలైన పెప్టైడ్లను ఎండోప్లాస్మిక్ రెటిక్యులంలోకి (కణం లోపల ప్రోటీన్లు తయారయ్యే పొరల గది) పంపే రవాణా ప్రోటీన్. క్లాస్ 1 అణువు తన పెప్టైడ్‌ను అందుకునేది అక్కడే. ట్యాప్1, ట్యాప్2 అనే రెండు ప్రోటీన్లు కలిసి ఈ పని చేస్తాయి. ఎలుకల్లో ట్యాప్2కు పనిలో తేడా చూపే రెండు అల్లీల్ (ఒకే జన్యువు వేర్వేరు రూపాల) కుటుంబాలు ఉన్నాయి. ఈ ట్యాప్‌ను ఒక జల్లెడ అనుకోండి. ట్యాప్-ఎ జల్లెడ రంధ్రాలు వదులుగా ఉంటాయి, చివర ఆర్జినిన్ లాంటి క్షార అమైనో ఆమ్లం ఉన్న పెప్టైడ్లనూ, నీటిని దూరం పెట్టే అమైనో ఆమ్లం ఉన్న పెప్టైడ్లనూ లోపలికి వదులుతుంది. ట్యాప్-బి బిగుతైనది, క్షార చివర ఉన్నవాటిని దాదాపు ఆపేస్తుంది.

ఎ హాప్లోటైప్ క్లాస్ 1 అణువుకు చివర ఆర్జినిన్ ఉన్న పెప్టైడ్లంటేనే ఇష్టం. డిఏ ఎలుకలో ట్యాప్-ఎ ఉంది, కాబట్టి అడిగినవి దొరుకుతాయి. పివిజి.ఆర్1లో సి హాప్లోటైప్ నుంచి వచ్చిన ట్యాప్-బి ఉంది, ఆర్జినిన్ పెప్టైడ్లు లోపలికి సరిగ్గా రావు. అందుకని ఆ క్లాస్ 1 అణువు రెటిక్యులంలో ఎక్కువసేపు ఆగిపోతుంది, నెమ్మదిగా పైకి వస్తుంది, వచ్చినా వేరే పెప్టైడ్లతో వస్తుంది. టి కణం దృష్టిలో అది మరో యాంటిజెన్. ట్యాప్-ఎ డామినెంట్ కాబట్టి, ట్యాప్-ఎ ఉన్న స్ట్రెయిన్‌తో పివిజి.ఆర్1ను కలిపి ఎఫ్1 చేస్తే అణువు మళ్లీ మామూలు రూపానికి వస్తుంది. ఒక జన్యువు తయారుచేసే యాంటిజెన్‌ను దాని పక్కనున్న మరో జన్యువు మార్చేస్తోందని ఇంత శుభ్రంగా నిరూపించిన ఉదాహరణలు నాకు ఇంకెక్కడా పెద్దగా కనపడలేదు.

ఇందాక గుర్తుపెట్టుకోమన్న మ్యాప్ విషయం ఇక్కడ పనికొస్తుంది. ట్యాప్ జన్యువులు క్లాస్ 2 ప్రాంతంలో ఉంటాయి. ఎలుకలో ఆర్‌టీ1-ఎ దాని పక్కనే ఉంది కాబట్టి రెండూ తరతరాలుగా కలిసే వారసత్వంగా వెళతాయి, ఒకదానికి నప్పే అల్లీల్ మరొకదానితో జతకట్టి నిలబడింది. ఆర్జినిన్ కోరే క్లాస్ 1 ఉన్నచోట ట్యాప్-ఎ ఉండడం అలా కుదిరింది. మనిషిలో క్లాస్ 1 జన్యువులు ట్యాప్‌కు దూరంగా ఉండడంతో రీకాంబినేషన్ వాటిని తరచూ విడదీస్తుంది. అలాంటప్పుడు ఏ క్లాస్ 1 వచ్చినా పనికొచ్చే వదులైన ట్యాప్ ఒక్కటి ఉండడమే మేలు. నిజంగానే మనిషి ట్యాప్‌లో ఎలుకలో ఉన్నంత పనితేడా లేదు. క్రోమోజోమ్ మీద రెండు జన్యువుల మధ్య దూరం చివరికి గ్రాఫ్ట్ మీద కనిపించే యాంటిజెన్ దాకా వచ్చి తగులుతుంది. జన్యుశాస్త్రం చదివే విద్యార్థులకు ఈ ఒక్క కథ తప్పకుండా చెప్పాలని నా పట్టుదల.

గ్రహీత వైపు కూడా జన్యువులు మాట్లాడతాయి. దాత క్లాస్ 1కు ఎదురుగా యాంటీబాడీ తయారవ్వాలంటే గ్రహీత తన సొంత క్లాస్ 2లో ఆ దాత ప్రోటీన్ ముక్కలను పెట్టి తన సహాయక టి కణాలకు చూపించాలి. గ్రహీత హాప్లోటైప్‌ను బట్టి కొన్ని ఎలుకలు ఇందులో బలంగా స్పందిస్తాయి, కొన్ని బలహీనంగా. బుచర్ బృందం దీన్ని 1982లో చూపించింది. కాబట్టి దాత, గ్రహీతల మధ్య తేడా ఎంత అన్నదానితో పాటు, ఆ తేడాను చూడగల సామర్థ్యం ఈ గ్రహీతకు ఎంత ఉంది అన్నదీ జన్యువుల ప్రశ్నే.

టి కణాలు దాతను గుర్తుపట్టే దారులు రెండు. ఒకటి నేరుగా: దాత కణాల మీదున్న చెక్కుచెదరని ఎంహెచ్‌సీని చూడడం. రెండోది పరోక్షంగా: ఇప్పుడే చెప్పినట్టు, దాత ప్రోటీన్లను గ్రహీత సొంత కణాలు మింగి, ముక్కలు చేసి, సొంత క్లాస్ 2లో చూపించడం. నేరు దారిని నడిపేది గ్రాఫ్ట్‌తో పాటు ప్రయాణించి వచ్చే దాత డెండ్రిటిక్ కణాలని (యాంటిజెన్లను టి కణాలకు చూపించడమే పనిగా ఉన్న కణాలు) 1982లో లెక్లర్, బ్యాచెలర్ ఎలుకలతోనే చూపించారు. ఏఎస్, ఏయూజీ స్ట్రెయిన్ల ఎఫ్1 కిడ్నీని, యాంటీబాడీ చికిత్సతో దాన్ని స్వీకరించేలా చేసిన ఏఎస్ ఎలుకలో కొంతకాలం ఉంచారు. ఈలోపు దాత డెండ్రిటిక్ కణాలు కిడ్నీని వదిలి వెళ్లిపోయాయి. తర్వాత ఆ కిడ్నీని తీసి, ఏ చికిత్సా చేయని మరో ఏఎస్ ఎలుకలో పెట్టారు. జన్యుపరంగా అదే కిడ్నీ, అదే తేడా, కానీ తీవ్ర తిరస్కరణ రాలేదు. కొద్దిపాటి దాత డెండ్రిటిక్ కణాలను ఎక్కించగానే తిరస్కరణ తిరిగి వచ్చింది. ప్రతి స్ట్రెయిన్ జతలోనూ ఇంత స్పష్టంగా రాదు గానీ, ఆ సూత్రం నిలబడింది. పరోక్ష దారికి సాక్ష్యం పదేళ్ల తర్వాత ఫాబ్రే బృందం నుంచి వచ్చింది: డిఏ క్లాస్ 1 నుంచి తీసిన పెప్టైడ్లతో లూయిస్ ఎలుకలకు ముందే ఇమ్యునైజేషన్ చేస్తే డిఏ చర్మం ఇంకా త్వరగా తిరస్కరణకు గురైంది. దాత డెండ్రిటిక్ కణాలు కొన్ని వారాల్లో పోతాయి, పరోక్ష దారి మాత్రం గ్రాఫ్ట్ ఉన్నంత కాలం తెరిచే ఉంటుంది. ఫిషర్ కిడ్నీ నెలల తర్వాత పాడవడాన్ని ఈ కోణంలో కూడా చూడండి.

మూడో ఉదాహరణ, కాలేయం. ఎలుకలో కాలేయ మార్పిడిని అందరికీ సాధ్యం చేసింది కమాడా కఫ్ పద్ధతి, అంటే కొన్ని రక్తనాళాలను కుట్టే బదులు చిన్న గొట్టంతో కలిపే పద్ధతి. కేంబ్రిడ్జ్‌లో సర్జన్ కాల్న్‌తో కలిసి కమాడా చేసిన పనిలో డిఏ కాలేయం పివిజిలో తనంతట తానే నిలవడం వెలుగులోకి వచ్చింది. అదే డిఏ కాలేయాన్ని లూయిస్‌లో పెడితే తిరస్కరణే. ఇంకా గొప్ప విషయం ఏమిటంటే, డిఏ కాలేయంతో బతుకుతున్న పివిజి ఎలుక ఆ తర్వాత డిఏ చర్మాన్ని, డిఏ గుండెను కూడా స్వీకరిస్తుంది, మూడో స్ట్రెయిన్ గ్రాఫ్టును మాత్రం మామూలుగానే తిరస్కరిస్తుంది. అంటే రోగనిరోధక శక్తి మొత్తంగా తగ్గిపోలేదు, డిఏ పట్ల మాత్రమే సహనం ఏర్పడింది.

ఎందుకు అన్నదానికి ఒకటికి మించి కారణాలున్నాయి. కాలేయం కరిగే రూపంలో క్లాస్ 1 అణువులను రక్తంలోకి చాలా వదులుతుంది. దానిలో దాత తెల్లరక్తకణాలు కూడా చాలా ఎక్కువ. దాతకు ముందే రేడియేషన్ ఇచ్చి ఆ కణాలను తీసేస్తే, నిలవాల్సిన కాలేయం కూడా తిరస్కరణకు గురవుతుంది. కిడ్నీలో తిరస్కరణను రగిలించిన తరహా ప్రయాణిక కణాలే కాలేయం విషయంలో సహనానికి అవసరమయ్యాయి! తేడా వాటి సంఖ్యలోనూ చేరే చోటులోనూ ఉన్నట్టు కనిపిస్తుంది. అవి మొదటి రోజుల్లోనే గ్రహీత ప్లీహంలోకీ లింఫ్ కణుపుల్లోకీ వరదలా చేరి, డిఏను గుర్తుపట్టే టి కణాలను ఒక్కసారిగా ఉత్తేజపరుస్తాయి. అలా అతిగా, అకాలంగా ఉత్తేజితమైన కణాలు నిలదొక్కుకోలేక చనిపోతాయి. పివిజిలో జరిగి లూయిస్‌లో జరగకపోవడానికి గ్రహీత జన్యు నేపథ్యమే కారణం. స్ట్రెయిన్ మారితే స్పందన తీవ్రత మారుతుంది, అవయవం మారితే అదే స్పందన పోయే దారి మారుతుంది. మీ మూడు పరిశీలనలు పొసగడానికి ఈ రెండూ కలిపి చూడాలి.

ఎన్‌కే (నేచురల్ కిల్లర్) కణాల గురించి, అంటే టి కణాలు కాని మరో రకం చంపే తెల్లరక్తకణాల గురించి, క్లుప్తంగా. థైమస్ లేని న్యూడ్ ఎలుకకు టి కణాలు లేవు కాబట్టి చర్మం గ్రాఫ్ట్ నిలుస్తుంది. కానీ అదే ఎలుకలోకి పరాయి లింఫోసైట్లను ఎక్కిస్తే ఎన్‌కే కణాలు వాటిని గంటల్లో చంపడం మొదలుపెడతాయి. ఇందులో ఆర్‌టీ1-సి వైపు నాన్‌క్లాసికల్ క్లాస్ 1 అణువులకు పెద్ద పాత్ర ఉంది, వాటిని గుర్తించే రిసెప్టర్ల జన్యువులు 4వ క్రోమోజోమ్ మీద ఉన్నాయి. కాబట్టి మీరు బోన్ మ్యారో లేదా లింఫోసైట్లతో పనిచేస్తే, చర్మానికీ కిడ్నీకీ చెప్పిన ఎఫ్1 నియమాన్ని అలాగే వర్తింపజేయకండి.

మీరు ప్రయోగం డిజైన్ చేసుకుంటున్నానన్నారు కాబట్టి ఆచరణకు వస్తాను. ఎంహెచ్‌సీ ప్రభావాన్ని మాత్రమే కొలవాలంటే డిఏ, లూయిస్ జతను వాడొద్దు, అందులో మైనర్ తేడాలూ కలిసి ఉంటాయి. కాంజెనిక్‌లు తీసుకోండి: లూయిస్.1ఎ, లూయిస్.1డబ్ల్యూ, లూయిస్.1ఎన్ అన్నీ లూయిస్ నేపథ్యంలో వేర్వేరు ఆర్‌టీ1 హాప్లోటైప్‌లు ఉన్నవి. లూయిస్.1డబ్ల్యూ గుండెను లూయిస్.1ఎలో పెట్టే జత మీద చాలా సమాచారం ఉంది. మార్పిడికి 14 రోజుల ముందు, మళ్లీ 7 రోజుల ముందు దాత రక్తం ఎక్కిస్తే ఆ గుండె దీర్ఘకాలం నిలుస్తుందన్న ఫలితం కూడా దాని మీదదే. క్లాస్ 1 తేడా మాత్రమే కావాలంటే పివిజి.ఆర్1 నుంచి పివిజికి చేయవచ్చు, కాకపోతే అక్కడ సిమ్ ప్రభావం ఉందని గుర్తుంచుకుని ఫలితాన్ని చదవాలి. మైనర్ తేడాలు మాత్రమే కావాలంటే, ఆర్‌టీ1-సి తేడాను ఒప్పుకుంటూ, ఫిషర్, లూయిస్ జత.

ఒకే స్ట్రెయిన్ లోపల చేసే గ్రాఫ్ట్ కంట్రోల్ తప్పనిసరి. కిడ్నీ బయట ఉన్నంతసేపు రక్తం అందక జరిగే నష్టం కూడా నెలల తర్వాత ప్రోటీన్ పోవడంగా బయటపడుతుంది. లూయిస్ నుంచి లూయిస్‌కు చేసిన గ్రూప్ లేకపోతే అది తిరస్కరణా, ఆపరేషన్ గాయమా అని చెప్పలేరు. సహనం ఏర్పడింది అనాలంటే మూడో స్ట్రెయిన్ గ్రాఫ్టును తిరస్కరిస్తున్నట్టు చూపించాలి. కంట్రోల్ గ్రూప్‌కయ్యే జంతువులను మిగుల్చుకుందామని చూసి చివరికి ఏ ప్రశ్నకూ జవాబు ఇవ్వని ప్రయోగంలో ఆ జంతువుల ప్రాణాలు వృథాగా పోతాయి, దాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. దాత, గ్రహీత ఇద్దరినీ ఒకే లింగంలో ఉంచండి, లేదా కనీసం మగ అవయవం ఆడ ఎలుకలోకి వెళ్లకుండా చూసుకోండి, హెచ్-వై గందరగోళం తప్పుతుంది.

చివరగా, స్ట్రెయిన్ పేరుతో పాటు సబ్‌స్ట్రెయిన్ కోడ్ కూడా రాయండి, వేర్వేరు కాలనీల్లో దశాబ్దాలుగా పెరిగిన ఎలుకలు జన్యుపరంగా కొంత విడిపోతాయి. కొత్త బ్యాచ్ వచ్చినప్పుడు జన్యు మార్కర్లతో ఒకసారి సరిచూసుకోండి, వీలైతే రెండు ఎలుకల మధ్య చర్మం మార్చి చూడండి. ఇన్‌బ్రెడ్ అని అమ్మిన కాలనీలో ఎక్కడైనా పొరపాటున జత కలిసిపోయి ఉంటే చర్మం గ్రాఫ్ట్ దాన్ని దాదాపు ఖాయంగా పట్టిస్తుంది. ఆ చర్మాన్ని రెండు వారాలు చూసి వదిలేయకండి. మైనర్ తేడాలు బయటపడడానికి కొన్నిసార్లు నెలలు పడుతుంది, కనీసం 100 రోజులు గమనించండి.